గవిపిండిలో నీళ్ళు

విత్తిన 24వ రోజు

నీళ్ళు పదహారు బిందెలు. లైట్లు పదకొండు గంటలు. కొర్ర ఎత్తు జానెడు కూడా లేదు.

మడి పుస్తకంలో ఇంతకు మించి రాయనక్కర్లేదు. నాకంటే ముందు ఈ పని చూసిన పుల్లన్న మామ ఇరవై రెండేళ్ళు అలాగే రాశాడు. అంతా తిరగేస్తే అంకెలు కాకుండా మాటలు దొరికింది ఒక్కచోటే: "నేడు నడుము నొప్పి." ఆయనకున్న నిగ్రహం నాకు లేదు. నాలుగు మడుల్లోనూ ఆకుల అంచులు వంకాయ రంగుకు తిరుగుతుంటే బిందెలు లెక్కపెట్టి ఊరుకోవడం నా వల్ల కాదు. నా పేరు సుంకులమ్మ, వయసు నలభై ఒకటి, నోరు కాస్త ఎక్కువ. తర్వాత చదివేవాళ్ళు సర్దుకోవాలి.

పొద్దున సూర్యుడు రాకముందే పైకి వెళ్ళి సోలార్ పలకలు తుడిచి వచ్చాను. ఎనిమిది గంటలకల్లా బండలు కాలి చెప్పులు అంటుకుపోతాయి కాబట్టి బయట ఏ పనైనా ఆలోపే. కిందికి దిగి, రెండో గవిలో, అంటే మడులున్న గుహలో, లైట్లు వేసి, మడుల మధ్య మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఈపాటికి కొర్ర మోకాలికి రావాలి. ఇది నా చీలమండ దగ్గరే ఆగిపోయింది.

దాని రోగం ఏమిటో నాకు తెలుసు. భాస్వరం చాలకపోతేనే ఆకు ఇలా ఊదారంగుకు వస్తుంది. తెలుసు కాబట్టి భాస్వరం పెడుతూనే ఉన్నాను. అయినా అది తినడం లేదు. నా తల గోక్కుని గోక్కుని జుట్టు ఊడేలా ఉంది.

పోయిన ఏడు దాకా ఈ బాధ లేదు. ఏడో గవిలో గబ్బిలాల రెట్ట గుట్టలుగా ఉండేది. ఎండలు ముదిరినప్పుడే గబ్బిలాలు ఎటో పోయాయి గానీ, అవి వదిలేసిన ఎరువుతో ముప్పై ఏళ్ళు పంటలు తీశాం. పోయిన పంటకు దాని చివరి పొర గీకేశాం. దాని కింద తెల్లని పిండి బయటపడింది. పట్టుకుంటే వేళ్ళ మధ్య జారిపోయేంత మెత్తన. రెట్టలోంచి దిగిన రసమూ అడుగున ఉన్న బంకమట్టీ కలిసి ఏళ్ళ తరబడి అలా తయారైందట. పుల్లన్న మామ దాచిన పాత ఖనిజాల పుస్తకంలో దాని పేరు టారనకైట్ అని ఉంది. న్యూజిలాండ్‌లో మొదట చూశారట. ప్రపంచంలో కొద్దిచోట్లే, అదీ ఎక్కువగా ఇలాంటి తడి గుహల్లోనే దొరుకుతుందట. ఆ పేరుకు ఇక్కడ ఎవరి నోరూ తిరగదు, మేము గవిపిండి అంటాం. నిండా భాస్వరమే. అది దొరికిన రోజు నేను గంతులు వేశాను. మా ఏడుగవుల్లో ఉన్న మిగతా నూట అరవై రెండు మందీ చూశారు.

29వ రోజు

నీళ్ళు పదహారు. లైట్లు పదకొండు. ఎత్తు కొలవబుద్ధి కాలేదు.

ఇంకో రెండు గంపల పిండి మోసుకొచ్చాను. ఏడో గవి నుంచి ఏది వచ్చినా నేరుగా మడికి వెళ్ళకూడదు. మూతిగుడ్డ కట్టుకుని తవ్వాలి. గంపను పొయ్యి దగ్గర దించాలి. బూట్లు అక్కడే సలసల కాగే నీళ్ళతో కడగాలి. ఆ తర్వాత ఖాసింబత్త పిండిని పెద్ద ఇనుప పెంకలో పోసి, నీటిచుక్క వేస్తే చిందులు తొక్కేంత వేడి వచ్చేదాకా వేయిస్తుంది.

ఈ నియమం ఖాసింబత్తదే. ఆమెకిప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. ముప్పై ఒక్కేళ్ళ కిందట, జనం ఎండలకు తాళలేక గవుల్లోకి వచ్చిన తొలి ఏడే, గవిదగ్గు వచ్చి పందొమ్మిది మంది పోయారు. అందులో ఇద్దరు ఆమె పిల్లలు, మౌలా, జైనబి. జైనబి నా ఈడుదే. ఇద్దరం ఒకే దుప్పటి కింద పడుకునేవాళ్ళం. రెట్ట దుమ్ములో ఉండే బూజు ఊపిరితిత్తుల్లోకి దిగడం వల్ల ఆ జబ్బు వస్తుందని తర్వాత తెలిసింది. అప్పుడు ఆమె పెంక ఎక్కించింది. అప్పట్నుంచి ఒక్కరికీ దగ్గు రాలేదు.

"ఎంతసేపు ఏపుతావత్తా? చెయ్యి పడిపోతాది," అన్నాను.

"నీకేం తొందర? నీ కొర్రేమన్నా పెండ్లికి పోతాందా?"

"పెండ్లికి కాదు, పాడెక్కేట్టుంది."

"నోర్ముయ్. ఒక్క మంచి మాట రాదు నీ నోట," అని అట్లకాడ చూపించింది. ఆ అట్లకాడకు ఊరంతా భయపడుతుంది.

33వ రోజు

వేయించిన పిండి రెట్టింపు వేసి నాలుగు రోజులైంది. ఏ మార్పూ లేదు. ఊదారంగు అంచుల నుంచి ఆకు మధ్యకు పాకింది.

సాయంత్రం అందరినీ మొదటి గవిలో కూర్చోబెట్టారు. మద్దిలేటన్న మా ఊరి పెద్ద. చెడ్డ వార్త చెప్పేముందు మీసం నిమురుకోవడం ఆయన అలవాటు. ఇవాళ చాలాసేపు నిమిరాడు.

"గిడ్డంగిలో గింజలు ఇంగ డెబ్బై దినాలకొస్తాయి. తీరమోళ్ళకు రేడియోలో చెప్పినా. తొలివాన పడినంక బండ్లు పంపిస్తారు. అప్పటికి కొర్ర కంకి ఏసింటే ఈడే ఉంటాం. లేకుంటే అందరం ఎక్కల్ల."

"అందరినీ ఒకే తావుకు తీసకపోతారా?" అని ఎవరో అడిగారు.

"యాడ చోటుంటే ఆడికి. ఐదు తావులకు పంచుతారంట."

నూట అరవై మూడు మందిని ఐదు చోట్లకు పంచితే ఊరనేది ఉండదు. నాకు ఇల్లంటే ఈ ఊరే, పెళ్ళాడలేదు, పిల్లల్లేరు. అప్పుడు ఖాసింబత్త లేచి, "నేను రాను. నా బిడ్డలు ఈడున్నారు. మీరు పోండి. నాకొక బిందె నీళ్ళు పెట్టి పోండి," అంది. ఆమె ఒకసారి అన్నదంటే అన్నట్టే. కొర్ర కంకి వేయకపోతే ఊరు చెదిరిపోవడం ఒక్కటే కాదు, ఈమె ఈ చీకట్లో ఒంటరిగా చచ్చిపోతుంది.

36వ రోజు

మూడో మడి మూలలో, నీళ్ళ కాలవ పక్కన, ఆరు మొక్కలు పచ్చగా ఉన్నాయి. పచ్చగా అంటే మామూలు పచ్చ కాదు, నిగనిగలాడుతున్నాయి. మిగతా వాటికంటే రెండింతల ఎత్తు.

ముందు సంతోషంతో అరిచాను. అదే విత్తు, అదే నీళ్ళు, అదే లైటు. ఆ మూలలోనే ఏముందని మట్టి గీకితే తెల్లగా జిగట తగిలింది. వేయించిన పిండి గరగరలాడుతుంది. ఇది వెన్నలా మెత్తగా ఉంది. అది ఎలా వచ్చిందో తట్టగానే చెయ్యి వెనక్కి లాక్కుని మూతిగుడ్డ కట్టుకున్నాను.

రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఏడో గవి నుంచి వచ్చిన మూడుసార్లు నేను పొయ్యి దగ్గర బూట్లు కడగలేదు. నీళ్ళు కాగేదాకా నిలబడటానికి బద్ధకం వేసింది. ఎవరూ చూడకుండా మడి పక్క కాలవలో కాళ్ళు ఆడించి, శుభ్రమైపోయిందనుకున్నాను. ఆ పచ్చిపిండి తాగే ఆ ఆరు మొక్కలూ పెరిగాయి.

జైనబి పోయినప్పుడు నాకు పదేళ్ళు. ఆ దగ్గు చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అయినా నా బద్ధకం నాదే. చివరిసారి కాళ్ళు కడిగి తొమ్మిది రోజులైంది. గవిదగ్గు ఇరవై ఒక్క రోజుల్లోపు ఎప్పుడైనా బయటపడొచ్చు. కాబట్టి ఈరోజు నుంచి పడక మడిగవిలోనే. మూతిగుడ్డ తీయను. తిండి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళమన్నాను. నడుం పట్టిందని అబద్ధం చెప్పాను.

40వ రోజు

ఒక శేరు పచ్చిపిండిని ఏడో గవి దగ్గరే నీడలో ఆరబెట్టి పూటపూటకూ తూచాను. మూడో రోజుకు తూకం తగ్గడం ఆగిపోయింది. ఇక తడి లేనట్టే. చేత్తో నలిపితే పొడిపొడిగా రాలింది. దాన్ని మూకుట్లో పోసి, ఖాసింబత్త వేయించినంత వేడిలోనే వేయించి మళ్ళీ తూచాను. నాలుగో వంతు మాయమైంది.

దొంగ ఎవరో తేల్చుకోవాలని రెండోసారి మూకుడు మీద చల్లని స్టీలు పళ్ళెం పట్టాను. పళ్ళెం అడుగున చుక్కలు పట్టాయి, పట్టి కారాయి. ఎండిపోయిన పిండిలోంచి నీళ్ళు.

పుస్తకం తీసి ఆ పేజీ మళ్ళీ చదివాను. ఇన్నాళ్ళూ భాస్వరం అన్న మాట మీదే కళ్ళు పెట్టాను గానీ, దాని పక్కనే ఇంకో లెక్క ఉంది. పొటాషియం మూడు, అల్యూమినియం ఐదు, ఫాస్ఫేట్లు ఎనిమిది, నీరు పద్దెనిమిది. ఆ నీళ్ళు పైన అంటుకున్న తడి కాదు. ఆ రాయి కట్టుబడిలోనే ఉన్నాయి, ఇంటికి దూలాల్లాగా. వేడిచేస్తే ఆ నీళ్ళు పోయి అది వేరే ఖనిజంగా మారుతుందని కింది వరుసలో స్పష్టంగా రాసి ఉంది. భాస్వరం అందులోనే ఉంటుంది, కానీ బిగుసుకుపోయి వేరుకు అందదు. నెలరోజులుగా నేను పైరుకు గులకరాళ్ళు వడ్డించి, ఎందుకు తినవని కోప్పడుతున్నానన్నమాట.

41వ రోజు

ఖాసింబత్తకు చెప్పాలి. చెప్పాలంటే బూట్ల సంగతీ చెప్పాలి. పొయ్యికి పది అడుగుల దూరంలో ఆగాను.

"ఆడ నిలబడినావేందే? ఈడికి రా," అంది.

"రాను. అత్తా, నేను బూట్లు ఈడ కడగలే. మూడు తూర్లు మడికాడ కడిగినా."

అట్లకాడ ఆగిపోయింది. "చివరాకరి తూరి ఎప్పుడు?"

"పద్నాలుగు దినాలైంది."

"దగ్గు?"

"లేదు."

"జరం?"

"లేదు."

దూరం ఉండమని నేను చెయ్యి అడ్డం పెడుతున్నా వినకుండా గబగబా వచ్చి నా నుదుటి మీద అరచెయ్యి ఆనించింది. కొట్టి ఉంటే బాగుండేది. తిట్టినా తట్టుకునేదాన్ని.

తర్వాత మూకుడూ పళ్ళెమూ పెట్టి చూపించాను. చుక్కలు కారుతుంటే ఆమె వేలితో తీసి చూసుకుంది. "ఎండిన పిండిలో నీళ్ళు యాడివే?" అంది. చెప్పాను. పొయ్యి వంక తిరిగి, "అయితే నేనేనా పైరును సంపింది?" అంది.

"కాదత్తా. రెట్టకు ఏపుడే సరైంది. ఈ పిండికే కుదరదు. ముప్పై ఏండ్లు నువ్వు మమ్మల్ని బతికిచ్చినావు కాబట్టే ఈపొద్దు కొర్ర గురించి ఏడుస్తాండాం."

"పచ్చిపిండి మాత్రం ఊళ్ళోకి రాదు. నా పానం పోయినా రానీను," అని అటు తిరిగి కూర్చుంది. నాకు ఆమె మీద కోపం రాలేదు. మడిగవిలోకి వచ్చి పడుకుని, మొక్కల వంక చూడకుండా గోడవైపు తిరిగాను.

42వ రోజు

లైట్లు వేసేసరికి గుమ్మంలో ఖాసింబత్త. చంకలో మట్టికుండ, చేతిలో కలిపిన జొన్నపిండి ముద్ద.

"నీ రాయిలో నీళ్ళు పోకుండా కాపితే, రాయి రాయిగనే ఉంటాదా?" అంది ఏ పలకరింపూ లేకుండా.

"ఉండల్ల. నీళ్ళు బయటికి పోయే దారి ల్యాకుంటే ఉంటాది."

"దమ్ పెడదాం. మా నాయన పెండ్లిండ్లకు బిరియానీ దమ్ చేస్తాండె. మూత సుట్టూ పిండి మెత్తి మూసేస్తే ఆవిరి యాడికీ పోదు. సెగ మాత్రం లోపల మెతుకు మెతుక్కూ తగుల్తాది. బూజు సావల్లంటే సెగ కావల్లగానీ, మాడ్చాలని ఎవురు చెప్పినారు?"

ముప్పై ఏళ్ళుగా మాడ్చమని చెప్పింది తనేనని నేను గుర్తుచేయలేదు. నాకూ ఎప్పుడో ఒకసారి నోరు మూసుకోవడం తెలుసు.

ఏడో గవి గుమ్మంలోనే కుండలో తడిపిండి నింపాం. దాని మధ్యలో, గుడ్డలో చుట్టి, బూజుపట్టిన రొట్టెముక్క పెట్టింది. ఇంకో బూజుముక్కను విడిగా దాచింది. మూత పెట్టి, అంచు చుట్టూ జొన్నపిండి మెత్తి, సన్నని నిప్పుల మీద పొద్దుటి నుంచి లైట్లు ఆర్పేదాకా ఉంచాం. చల్లారాక మూత తీయకుండానే తూచాను. పెట్టినప్పుడు ఎంతో అంతే ఉంది.

46వ రోజు

కుండలో మగ్గిన రొట్టెముక్కను నాలుగు రోజులు తడిగుడ్డలో పెట్టినా మళ్ళీ బూజు రాలేదు. విడిగా దాచిన ముక్కకు మాత్రం పిల్లిబొచ్చంత పెరిగింది. రెండూ మద్దిలేటన్నకు చూపించాం. ఆయన మీసం మీద చెయ్యి వేశాడు.

"రొట్టె బూజు వేరు, గవి బూజు వేరు. ఊరందరి పానాలతో ఆటాడల్నా?"

"ఊరితో ఎందుకు? నేనుండాను గదా," అంది ఖాసింబత్త. "నేను, ఈ పోరి మడిగవిలో ఉంటాం. తలుపేసుకోండి. ఇరవై ఒక్క దినాలు. మాకు దగ్గొస్తే పైరుతో పాటు మమ్మల్నీ మర్సిపోండి."

తలుపు వేశారు. నేను ఇంకా మూతిగుడ్డ సవరించుకుంటుండగానే ఆమె కుండ మూత ఊడబీకి, మొహం లోపలికి పెట్టి, మూడుసార్లు గుండెల నిండా పీల్చింది. నేను కేక వేసి వెనక్కి లాగాను. ముక్కు నిండా తెల్లపిండితో, "నా మీద రాకుంటే ఎవురి మీదా రాదు. ఇంగ పని సూడు," అంది.

పిండిని నీళ్ళలో జావలా కలిపి, నాలుగు మడుల్లోనూ మొదళ్ళ దగ్గర పోశాం. ఈరోజు రాయాల్సిన అంకెలు మర్చిపోయాను.

53వ రోజు

కొత్త ఆకులు పచ్చగా వస్తున్నాయి. పాతవి ఊదారంగులోనే ఉన్నాయి గానీ, మొవ్వలో ఊదా లేదు. ఏడో గవిలోనే నింపి, మూత మూసి మా గుమ్మం దగ్గర దించుతున్న కుండలను రోజుకు మూడు చొప్పున దమ్ చేస్తున్నాం.

ఆమెతో ఒకే గవిలో ఉండటం అంత తేలిక కాదు. నేను తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తుంది. నా వంట తిని, "నీకు పెండ్లి కాకపోవడం ఎవురికో మంచిదైంది," అంటుంది. నా నుదురు రోజుకు ఆరుసార్లు ముట్టుకుంటుంది.

ఈ మధ్యాహ్నం మొదళ్ళకు మట్టి ఎగదోస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది. "ఆపొద్దు పిల్లోళ్ళను రెట్టకు పంపింది నేనే. కుండీలో మిరపచెట్టు పెట్టుకునింటి. ఒక బుట్టెడు తెండి, కాయలు బాగా కాస్తాయంటి. ఇద్దరూ పరిగెత్తినారు."

ఆ మాట ముప్పై ఒక్కేళ్ళలో ఆమె ఎవరికీ చెప్పలేదు. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను. ఆమె ఏడవలేదు. పక్క మొక్కకు మట్టి ఎగదోసింది.

58వ రోజు

పొద్దున ఖాసింబత్త దగ్గింది. మళ్ళీ మధ్యాహ్నం రెండుసార్లు.

జ్వరం లేదంటుంది. నేను ఆమె నుదురు ముట్టుకుంటే చెయ్యి తోసేస్తుంది. ఇంతకంటే రాయలేను.

60వ రోజు

నిన్నా ఇవాళా దగ్గు లేదు. గొంతులో జొన్నపొట్టు ఇరుక్కుందని ఆమె మొదటినుంచీ చెబుతూనే ఉంది. నేనే రెండు రోజులు తిండి మానేసి ఆమె ఊపిరి వింటూ కూర్చున్నాను. "నేను సచ్చేలోగా నువ్వు ఎండిపోతావు, తిను," అని నోట్లో ముద్ద పెట్టింది.

తలుపు అవతలి నుంచి మద్దిలేటన్న తొలివాన పడిందని చెప్పాడు. ఇక బండ్లు బయలుదేరతాయి.

67వ రోజు

నీళ్ళు ఇరవై. లైట్లు పన్నెండు. ఎత్తు నా తొడ దాకా.

కంకులు! నిన్న రెండో మడిలో ఒకటి తొంగి చూసింది. ఇవాళ నాలుగు మడుల్లోనూ లెక్కపెట్టలేనన్ని. నూగునూగుగా, ఇంకా పాలు పట్టని లేత కంకులు. పుల్లన్న మామ అయితే "కంకి వేసింది" అని రెండు మాటల్లో తేల్చేసేవాడు. నేను ఒక్కోదాని దగ్గరా ఆగి పలకరించాను.

ఇరవై ఒక్క రోజులు పూర్తయ్యాయి. మాకు దగ్గు లేదు, జ్వరం లేదు. తలుపు తీసినప్పుడు ఊరంతా గుమ్మంలోనే ఉంది. మద్దిలేటన్న మీసం ముట్టుకోకుండా నేరుగా మడిలోకి నడిచి, కంకిని రెండు చేతుల మధ్య పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

68వ రోజు

సూర్యుడు రాకముందే ఐదు బండ్లు వచ్చాయి. వాటి పెద్ద వరహాలమ్మ, ఉత్తరపు తీరం మనిషి. చేతిలో మా నూట అరవై మూడు పేర్ల జాబితా. మద్దిలేటన్న ఆమెతో ఏమీ చెప్పకుండా మడిగవిలోకి తీసుకొచ్చాడు. ఆమె కంకులను చూసి, జాబితా మడిచి, గట్టు మీద కూలబడింది.

"ఇదెలాగొచ్చిందమ్మా? దార్లో మూడు గవులున్నాయి. ఆళ్ళకీ రెట్ట అయిపోయి ఇలాటి తెల్లపిండే తేలింది. అదే ఏస్తన్నారు. ఒక్క కంకి లేదు. తిరుగుదారిలో ఆళ్ళనీ ఎక్కించుకోమన్నారు."

"పిండిని ఏం జేసి ఏస్తాండారు?" అంది ఖాసింబత్త.

"బాగా ఏపి ఏస్తన్నారు. మీ కాడ నేర్చుకున్నదే కదా. ఆ పెంకని ఖాసింబీ పెంక అంటారు ఆడ."

ఖాసింబత్త కంకుల వైపు నుంచి మొహం తిప్పుకుంది. నేను ఆమె భుజం పట్టుకున్నాను. వేయిస్తే పిండి ఎందుకు పాడవుతుందో, దమ్ ఎలా పెడతామో నేనే చెప్పాను. విని వరహాలమ్మ మెల్లగా, "ఆ దమ్మేదో ఆళ్ళకి ఎవరైనా వచ్చి సూపిత్తారా? ఒక్క నెల ఉంటే చాలు. ఆళ్ళ ఊళ్ళు నిలబడతాయి," అని అడిగింది.

నేను వెళ్తానని నోరు తెరిచేలోపు ఖాసింబత్త లోపలికి వెళ్ళిపోయింది. వచ్చేటప్పుడు బట్టల మూట, రెండు పెద్ద కుండలు, జొన్నపిండి సంచి. నేరుగా వెళ్ళి మొదటి బండెక్కి కూర్చుంది.

మద్దిలేటన్న పరుగున వచ్చాడు. "అత్తా, నువ్వే గదా గవి ఇడిచి పోనంటివి?"

"తరిమితే పోనంటి. పిలిస్తే పోనంటినా?" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియక నేను బండి చక్రం పట్టుకుని ఏడ్చాను. ఆమె వంగి నా నుదుటి మీద చెయ్యి వేసింది. "ఏడుపేందే? కోతకు వస్తా. అంతవరకూ నా బిడ్డలకాడ నువ్వుండు," అంది.

నూట అరవై ముగ్గురి కోసం వచ్చిన ఐదు బండ్లు ఒక్క ముసలామెను ఎక్కించుకుని, ఎండ ముదరకముందే కొండ దిగిపోయాయి.